మూడో తారీకు ఇచ్చిన బిడ్డ

అయిదు దాటి పది నిమిషాలైంది. రెండింటికి చేశాడు, మూడింటికి చేశాడు, నాలుగింటికి చేసి ఆగ్రికో రోడ్డులో టీ తాగుతున్నానన్నాడు, మరి అయిదింటికి ఏమైనట్టు. గంటకోసారి ఫోను చేస్తానని పొద్దున్న గుమ్మంలో రబ్బరు చెప్పులు తొడుక్కుంటూ కొడుకు పైడిబాబు మాటిచ్చాడు, నవ్వుతూనే ఇచ్చాడు, నాలుగు దాకా నిలబెట్టుకున్నాడు కూడా, అందుకే ఈ పది నిమిషాలు ఇంత బరువుగా ఉన్నాయి. అసలు చెయ్యనని చెప్పే వెళ్లిపోయి ఉంటే పొద్దుగూకే దాకా ఒకటే భయంతో కూర్చునేది, ఇప్పుడు గంటకో కొత్త భయం. నూకాలమ్మ గోడకి ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుని, ఒళ్లో ఉన్న ఫోను నల్లటి అద్దంలోకి చూస్తోంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ మాటలో మొదటి సగం దగ్గరే బతుకంతా ఆగిపోయిన మనిషి ఆమె. కొడుకు దగ్గితే క్షయ, కోడలు పుట్టింటికి ఫోను చేసి గొంతు తగ్గిస్తే తగువు, మనవరాలు బడి నుంచి అయిదు నిమిషాలు ఆలస్యమైతే లారీ. అన్నీ ఆమె కళ్ల ముందు పూర్తిగా జరిగిపోతాయి, ఏడవడం కూడా అయిపోతుంది, ఆనక ఎవరికీ ఏమీ కాలేదని తెలిసినా ఊపిరి తిన్నగా ఆడదు, ఇవాళ తప్పింది కాబట్టి రేపు తప్పదనిపిస్తుంది. అయినా మిగతా రోజులన్నిటి భయం ఒక ఎత్తు, ఈ రోజు భయం ఒక ఎత్తు. ఇవాళ మార్చి మూడు.

ఊరికిది పండగ. ఉక్కు కార్ఖానాతో ఈ ఊరు పెట్టిన టాటాగారు పుట్టిన రోజని పార్కులోనూ రోడ్ల పొడుగునా చెట్టు చెట్టుకీ దీపాలు కడతారు, జనం పిల్లల్ని భుజాలకెక్కించుకుని చూడ్డానికి పోతారు. ఇన్నేళ్లూ పైడిబాబు ఆదిత్యపూర్‌లో ఒక కార్ఖానాలో లేతు మిషను మీద పని చేశాడు కాబట్టి ఈ ఒక్క రోజూ వాణ్ని ఎలాగో ఇంట్లో కూర్చోబెట్టగలిగింది. ఒక ఏడు గుండెల్లో నొప్పన్నది, ఒక ఏడు వాడి గేటు పాసు బియ్యం డబ్బాలో దాచింది, ఒక ఏడు నిజంగానే మెట్ల మీద జారి మడమ బెణికించుకుంది, ఆ ఏడు మాత్రం ఆ నొప్పిలో ఎంత నిమ్మళంగా పడుకుందో. ఈసారి ఆ కార్ఖానా మూతపడింది. వాడు పోయి పోయి దీపాలు కట్టే కాంట్రాక్టరు దగ్గర చేరాడు. దీపాల వాడికి మార్చి మూడున సెలవెవడిస్తాడు. నెల రోజులుగా వెదురు నిచ్చెనెక్కి కొమ్మలకి తీగలు చుడుతున్నాడు, ఎక్కడో ఒక బల్బు పోతే దండ దండంతా చీకటవుతుందట, ఆ ఒక్కదాన్నీ చేత్తో తడిమి వెతుక్కోవాలట. వెతుకుతున్నప్పుడు కరెంటు ఆపుతారా అని అడిగితే ఆపుతారులే అమ్మా అన్నాడు. ఆ 'లే' ఎందుకన్నాడు. ఆపుతారమ్మా అంటే సరిపోయేది కదా.

గది చీకటిగా ఉంది. గ్రహణమని కిటికీ రెక్కలు మూసింది, ఊరగాయ జాడీ మీద, నీళ్ల బిందె మీద, పాల గిన్నె మీద దర్భలు వేసింది. ఈ పాడు రోజుకి ఇది కూడా తోడవ్వాలా, పున్నమి చంద్రుడు పొడుస్తూనే సగం మింగబడి పొడుస్తాడట, ఏడు కావస్తేగాని స్నానాలు లేవు, తిండి లేదు. దీపం కింద చాప మీద బోర్లా పడుకుని మనవరాలు బిందుప్రియ నోటు పుస్తకంలో రాసుకుంటోంది. ఆరో తరగతి. టీచరు క్లాసులో పిల్లలందరికీ తలా ఒక తారీకు పంచిపెట్టి, ఆ తారీకున లోకంలో ఎవరు పుట్టారో ఎవరు పోయారో ఏమేం జరిగిందో రాసుకు రమ్మన్నదట. మూడువందల అరవై అయిదు రోజుల్లోంచి ఈ పిల్ల చేతికి ఇదే రావాలి. ఊళ్లో పండగ రోజు నాకొచ్చిందని గెంతుకుంటూ చెప్పింది గుంట. అది తల్లి ఫోనులో చూసి చిత్తుకాగితం మీద ఎక్కించుకున్నది పైకి చదువుతూ రాస్తోంది, హిందీలో, ముద్దు ముద్దుగా, పద్యం అప్పజెప్పినట్టు. ఔరంగజేబు చనిపోయెను. టెలిఫోను కనిపెట్టిన దొర పుట్టెను. గాంధీగారు రాజ్‌కోట్‌లో నిరాహార దీక్ష పట్టెను. లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు హెలికాప్టరు కూలి చనిపోయెను.

ఆ కబురు నూకాలమ్మకి గుర్తే. చేపల చెరువులో పడిందన్నారు. టీవీలో చూపిస్తుంటే మన తెలుగాయన, మన తెలుగాయన అని వీధి వీధంతా వచ్చి కూర్చుంది, ఆమె మాత్రం లోపలికెళ్లి పదమూడేళ్ల పైడిబాబుని గట్టిగా పట్టుకుంది, వాడు విడిపించుకుని ఆటకి పారిపోయాడు. అంత పెద్దమనిషిని, అంత ఆకాశంలోంచి, ఈ తారీకే లాగి కింద పడేసింది. నిచ్చెన మీద ఉన్నవాడు ఒక లెక్కా. ఫోను కనిపెట్టినాయన ఈ రోజే పుట్టాడట, ఏం పుట్టి ఏం లాభం, తల్లి ఫోను చేస్తే కొడుకు ఎత్తేలాగ కనిపెట్టలేదు. మళ్లీ నొక్కింది. గణగణ మోగుతోంది అవతల. మోగుతోందంటే ఫోను బాగానే ఉంది. మనిషి? ఫోను పగలకుండా మనిషి పడొచ్చు కదా, జేబులోంచి జారి గడ్డి మీద పడి అది మోగుతూనే ఉండొచ్చు, చుట్టూ మూగిన జనంలో ఎవడో వంగి చూసి 'మా' అని రాసుందిరా, వీడి తల్లేరా అంటూ ఎత్తాలా వద్దా అని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ ఉండొచ్చు. చప్పున కట్ చేసింది. ఎవరైనా ఎత్తుతారేమోనని భయమేసింది.

"నానమ్మా, నైన్టీన్ ఎయిటీ నైన్ మే ఆప్ కహాఁ థీ?"

పిల్ల తలెత్తి చూస్తోంది, పెన్ను నోట్లో పెట్టుకుని. ఆ ఏడు ఇదే రోజున ఈ ఊళ్లోనే పండగ చూస్తున్న జనం మీద మంటలు పడ్డాయట కదా, అరవైమంది దాకా పోయారట కదా, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఆ రోజు వాళ్లెక్కడున్నారో రెండు వాక్యాలు రాయమంది టీచరు. ఎక్కడున్నావు అంటే ఏం చెప్పాలి. బాగ్‌బేరాలో, రైల్వే యార్డు పక్కన, ఆరిళ్లకి ఒకటే కొళాయి ఉన్న వరసలో, నాలుగో ఇంట్లో, నేల మీద. పెనిమిటి ముసలయ్య తెల్లారే ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, పక్కింటి దేముడూ తనూ కలిసి పండగ చూడ్డానికి పోవాలని వారం నుంచి అనుకుంటున్నారు, దేముడు సైకిలు గంట కొడుతూ వీధిలో నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఆమెకి నడుములో మొదటి నొప్పి వచ్చింది. ఇంకో గడియ ఆగి వచ్చి ఉంటే ముసలయ్య వెనక సీటు మీద కూర్చుని వెళ్లిపోయేవాడు. కడుపులో బిడ్డ చెయ్యి చాపి తండ్రి చొక్కా పట్టుకున్నట్టే అయింది. నువ్వు ఎల్లరా, పెళ్లాం కాన్పయితే మిఠాయట్టుకు ఎదురొత్తాను అని చొక్కా విప్పేస్తూ చెప్పాడు ముసలయ్య, దేముడు నవ్వుకుంటూ తొక్కుకుంటూ పోయాడు. అంతే. మళ్లీ సైకిలొక్కటే వచ్చింది, రెండు రోజులయ్యాక, ఎవరో నడిపించుకుంటూ తెచ్చారు.

మూడున్నరకి బిడ్డ పుట్టాడు. అప్పటికే కబురొచ్చేసింది, వరసంతా పక్కింటి ముందు పోగైంది, దేముడు పెళ్లాం కస్తూరమ్మ గొంతు గోడ అవతల నుంచి రంపపు కోతలా వస్తోంది. బిడ్డ ఏడిచాడు. ఆ ఏడుపులో ఈ ఏడుపు కలిసిపోయింది, ఎవరికీ వినపడలేదు. మంత్రసాని బొడ్డు కోసి, వేళ్లు మడిచి చూసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ బిడ్డకి పదకొండో రోజు పురుడు చెయ్యాలి, ఆ మనిషికి పదకొండో రోజు దినం చెయ్యాలి. ఒకటే వరస, ఒకటే కొళాయి. ఒక గుమ్మంలో బాలింతకి పసుపు నీళ్లు కాగుతుంటే పక్క గుమ్మంలో ఆ పిల్లకి చేతుల గాజులు తీస్తారా. కస్తూరమ్మకి నిండా పాతికేళ్లు లేవు, మొన్నటి దాకా ఈ కడుపు మీద చెయ్యి వేసి కొడుకేనే, తన్నేడు సూడు అని నవ్విన మనిషి. నూకాలమ్మే అంది, పడుకున్న చోటు నుంచే, పళ్లు బిగబట్టి: అర్ధరాత్రి దాటేక పుట్టేడని చెప్పుకుందాం. మంత్రసాని తలూపింది. ముసలయ్య తలొంచుకున్నాడు. పొద్దుపోయేదాకా బిడ్డ నోరు విప్పితే చాలు రొమ్ము కుక్కి, గుడ్డ కప్పి, ఎవరూ వినకుండా దాచుకుంది. తెల్లారి మగబిడ్డ పుట్టాడని చెప్పారు. కాగితాల్లో నాలుగు, బడిలో నాలుగు, పెళ్లిచూపుల్లో నాలుగు, రేపు ఈ పిల్ల తండ్రికి కేకు కోయించబోయేది నాలుగు.

అబద్ధం చిన్నదే అనుకుంది. ఒక్క రోజు. పన్నెండో రోజుకి జరిపిన పురుడు. మైల తీరాక ఏదో ఒక నాడు కస్తూరమ్మకి మెల్లిగా చెబుదామనే అనుకుంది. మూడో నెలలో కస్తూరమ్మే గుమ్మం ఎక్కి వచ్చింది, బోసి మెడతో, బోసి చేతులతో, బిడ్డని ఎత్తుకుని తల నిమిరింది. తరవాత అంది, "నాలుగునాడు పుట్టేడు గాబట్టి ఎత్తుకున్నానే నూకాలూ. మూడునాడైతే ఈడి మొకం సూడలేకపోదును." ఆ మాటతో నూకాలమ్మ నోరు కుట్టేసినట్టయింది. అప్పటి నుంచి ఏటా నాలుగో తారీకున బాగ్‌బేరా నుంచి కస్తూరమ్మ పరవాన్నం గిన్నె పట్టుకుని వస్తుంది, వీళ్లు సిద్ధగోరాకి మారినా మానలేదు, పిల్లల్లేని మనిషి, వాణ్ని కూర్చోబెట్టి చెంచాతో పెడుతుంది, మీసాలొచ్చాక కూడా. ముసలయ్య పోయాడు. మంత్రసాని ఎప్పుడో పోయింది. ఇప్పుడా సంగతి లోకంలో ఒక్క మనిషికి తెలుసు. ఆ మనిషికీ, ఆ తారీకుకీ.

తారీకుకి తెలుసు. అదే భయం. తిథి చూస్తే వాడు బహుళంలో పుట్టాడు, ఇవాళ పున్నమి, ఏ పంచాంగమూ వీటిని కలపదు, ఆ మాట తనకి తను ఎన్నోసార్లు చెప్పుకుంది. కాని ఇది తిథుల ఊరు కాదు. సైరను కూతతో లేచి, క్యాలెండరులో ఎర్రంకె చూసి పడుకునే ఊరు, ఇక్కడ చావైనా తారీకు చూసుకునే వస్తుంది. అమ్మవారికి మొక్కుకుని, కోరింది ఇచ్చాక, ఇంకో దేవత ఇచ్చిందని ఊరంతా చెప్పుకుంటే ఊరుకుంటుందా ఆ తల్లి. ఈ తారీకూ అంతే, ఆ ఏడు ఎందరి ఇళ్లల్లోనో దీపాలు ఆర్పింది, ఆర్పుతూ ఆర్పుతూ ఒక్క గడపలో మాత్రం బిడ్డనిచ్చింది, ఆ బిడ్డని అడ్డం పెట్టి మొగుణ్ని కూడా మిగిల్చింది. నేనిచ్చిన బిడ్డ నాలుగో తారీకు బిడ్డా? ఏటా ఈ రోజున వీధి వీధీ వెతుక్కుంటూ వస్తుందని, ఇంట్లో ఉంటే తలుపేసుకుని కప్పిపెట్టొచ్చని, నూకాలమ్మ ఇన్నాళ్లూ ఆ మొదటి రోజు రొమ్ము కుక్కినట్టే వాణ్ని దాచుకుంటూ వచ్చింది. ఇవాళ వాడు చెట్టు చివర, దీపాల మధ్య, అందరికీ కనపడేలా నిలబడి ఉన్నాడు.

"బోలో నా, నానమ్మా."

"ఇంట్లోనే ఉన్నాను. కడుపుతో ఉన్నాను. రాసుకో" అంది. పిల్ల రాసుకుంది. రాసి, లెక్క కట్టుకుని, అంటే నాన్న మర్నాడే పుట్టారన్నమాట అని హిందీలో మురిసిపోయి దాన్ని కూడా చేర్చింది.

వీధిలో మోటారుసైకిలు ఆగింది. నూకాలమ్మ గుండె కూడా ఆగింది. చెడ్డ కబురు తెచ్చేవాళ్లు ఇద్దరుగా వస్తారు, ఒక్కడు రాడు, వచ్చి ముందు మంచినీళ్లు అడుగుతారు, ముసలయ్యని ఆసుపత్రిలో చేర్చినప్పుడూ అలాగే వచ్చారు. ఇద్దరి మాటలు వినపడుతున్నాయి. గేటు గొళ్లెం చప్పుడు. ఎవరి గేటు? నీళ్లు తేవాలి, గ్రహణం నీళ్లు, దర్భ తీసి ముంచి ఇవ్వొచ్చా, వాళ్లు తాగుతారా, తాగకుండానే చెప్పేస్తారా. తరవాత పక్క వాటా తలుపు తెరుచుకుని ఎవరో రంగుల పొట్లాలు తెచ్చారని పిల్లల కేరింతలు, రేపు హోలీ కదా. లోపల నుంచి కోడలు దేవి వచ్చింది. తను కూడా రెండుసార్లు చేసిందట, ఎత్తలేదట, వాడితో పనిచేసే బాగ్‌బేరా పోలరాజు ఫోనుకి చేస్తే అది బందై ఉందట. అంత మాత్రానికేమీ కాదు, పనిలో ఉంటారు అంటూనే దేవి మంగళసూత్రం పట్టుకుని నిలబడింది, పట్టుకున్నట్టు తనకే తెలియదు. అది చూశాక నూకాలమ్మ ఇంక కూర్చోలేకపోయింది. ఆరవుతోంది. లేచి చెప్పులు వెతుక్కుంది.

"గ్రహణం ఇడిసీదాకా గడప దాటకూడదని పొద్దుట్నుంచి నన్ను గోల పెట్టింది నువ్వే కదత్తా" అంది దేవి, గొంతులో వెక్కిరింపు లేదు.

"నువ్వు దాటకు" అని దాటేసింది.

వీధిలోకి వచ్చాక వెనక ఎవరో నడుస్తున్నట్టనిపించి తిరిగి చూసింది. మేడల మధ్య చంద్రుడు, పక్కన కొరికేసి, మిగిలింది రాగి చెంబు అడుగులా మసిబారి. చూడకూడదు. తల తిప్పుకుంది, అయినా వీపు మీద దాని చూపు తెలుస్తూనే ఉంది, ఆగ్రికో వైపు తిరిగే మలుపు దాకా. పండగ జనం ఎదురొస్తున్నారు, ఎవరి మొహంలోనైనా ఏదైనా చూసొచ్చిన గుర్తు ఉందా అని ఒక్కొక్కళ్లనీ చూస్తూ నడిచింది, ఒకామె కళ్లు తుడుచుకుంటోంది, ధూళి పడిందా, పడిపోయిన మనిషిని చూసిందా. అంబులెన్సు కూత. ఎటు పోతోంది? దగ్గరవుతోందా, దూరమవుతోందా? దూరమైతే తీసుకుపోతున్నారనీ, దగ్గరైతే తీసుకుపోడానికి వస్తోందనీ. ముందర ఒక చెట్టు కింద జనం గుంపుగా మూగి ఉన్నారు, అందరూ మధ్యలోకి వంగి చూస్తున్నారు, ఆమె తోసుకుంటూ దూరింది, గప్‌చుప్‌ల, అదే పానీపూరీల బండివాడు గిన్నెలో చెయ్యి ముంచుతూ ఎన్ని కావాలమ్మా అన్నాడు. గ్రహణం వేళ వీళ్లెలా తింటున్నారు. ఈ ఊళ్లో దేనికీ భయం లేదు ఎవరికీ, అందరి వంతూ తనే పడుతున్నట్టుంది.

దారి పొడుగునా చెట్లు నీలంగా, ఎర్రగా, పచ్చగా వెలుగుతున్నాయి. ఒక్క చెట్టు మాత్రం చీకటిగా ఉంది. దాని కింద పైడిబాబు సైకిలు, హ్యాండిలుకి పనిసంచి, సంచిలో ఫోను మూగగా వెలిగి ఆరుతోంది, దేవి చేస్తున్నట్టుంది. సైకిలుంది. మనిషేడీ. ఆనాటి దేముడి సైకిలు, నడిపించుకుంటూ తెచ్చిన ఆ సైకిలు. తల పైకెత్తడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. వెదురు నిచ్చెన కొమ్మల్లోకి పోయి మాయమైంది, చివర, ఇంటి కప్పు కన్నా ఎత్తున, రబ్బరు చెప్పుల అడుగులు రెండు. కదిలాయి. బతికే ఉన్నాడు. పిలవబోయి నోరు మూసుకుంది. పిలిస్తే కిందికి చూస్తాడు. చూస్తే కాలు జారుతుంది. నిచ్చెన మొదట్లో పోలరాజు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు గాని, మెడ తిప్పి రోడ్డు మీద పోయే బ్యాండుమేళం చూస్తున్నాడు. నూకాలమ్మ వెళ్లి పక్కన నిలబడి, నోటి మీద వేలు పెట్టి, వాడి చేతులు ఒక్కొక్కటీ తీసేసి తన చేతులు వేసింది. పోలరాజు తెల్లబోయి పక్కకి జరిగాడు.

వెదురులోంచి కొడుకు బరువు అరచేతుల్లోకి వస్తోంది. వాడు వంగితే ఒక వణుకు, చెయ్యి చాపితే ఇంకో వణుకు. కడుపులో ఉన్నప్పుడు తెలిసినట్టే తెలుస్తోంది, మొహం కనపడకుండా.

"పోలరాజూ, ఉన్నావేట్రా" అన్నాడు పైనుంచి.

పోలరాజు ఆమెకేసి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఉన్నాను, నీ పని సూసుకో" అన్నాడు.

"వదిలీకు. నాకేటైనా అయితే మాయమ్మకి నువ్వే జవాబు సెప్పుకోవాలి."

"మీయమ్మ కన్నా కరెంటే నయం" అనేశాడు పోలరాజు అలవాటు కొద్దీ, అని నాలిక కరుచుకున్నాడు.

పైన నవ్వు. తరవాత ఆకుల గలగల, తీగ లాగిన చప్పుడు. "నిజంగా ఈ రోజొక్కటీ మాయమ్మని సూత్తే భయమేత్తాదిరా" అన్నాడు. "సిన్నప్పట్నుంచీ సూత్తన్నాను. ఏటో ఉంది. అడిగితే ఏడుత్తాదని అడగలేదు. అయిదింటికి ఫోను సేత్తానన్నాను, ఈ ముదనష్టపు దండ ఆరిపోనాది."

నూకాలమ్మ నుదురు నిచ్చెనకి ఆనించింది. అప్పుడు చెట్టంతా ఒక్కసారి భగ్గుమంది, కొమ్మ కొమ్మా, నారింజ రంగుగా, నెత్తి మీదుగా. ఒక్క క్షణం అది దీపాలని ఆమెకి తెలియలేదు. మంటే అనుకుంది, వచ్చేసిందనుకుంది, ముప్పై ఏడేళ్లూ నడిచి నడిచి ఇక్కడికొచ్చి దొరకబుచ్చుకుందనుకుంది. ఎవరైనా పరిగెత్తిపోయే వేళ ఆమె చేతులు మరింత బిగుసుకున్నాయి. వెదురుకి పెదాలు తగిలేలా, ఎన్నడూ ఎవరి ముందూ పైకి అనని మాట అంది. నువ్విచ్చిన బిడ్డే తల్లీ. మూడునాడే పుట్టేడు. నువ్విచ్చినవాడే. బ్యాండుమేళం మోతలో అది పోలరాజుకి కూడా వినపడలేదు.

చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. నిచ్చెన ఊగింది. ఒక కాలు దిగింది, రెండో కాలు దిగింది, మడమల పగుళ్లు కనపడేంత దగ్గరికి వచ్చాయి, కుడి చెప్పు అడుగున మేకు గుచ్చుకున్న కన్నం.

"అయిపోనాది, దిగిపోతన్నాను. ఇంక వదిలీరా" అన్నాడు పైడిబాబు.

ఇంకా రెండు మెట్లున్నాయి. నూకాలమ్మ వదల్లేదు.